46 రోజుల్లో 496 గదులు: మాడ్యులర్ కట్టడంలో లాభం ఎక్కడ పుడుతుంది?

మాడ్యులర్ పద్ధతిలో హోటల్ కట్టిద్దామని వచ్చే యజమానులు మొదట అడిగేది "ఎన్ని రోజుల్లో లేపుతారు?" అని. ఆ వెంటనే "మామూలుగా కట్టేదానికంటే ఎంత తగ్గుతుంది?" అని. ఫ్యాక్టరీలో గదులు చేసి సైట్‌లో పేర్చే పనిలో ఉన్నవాడిగా ఈ రెండు ప్రశ్నలకూ నేను ఒక పాత అమెరికన్ హోటల్‌ను చూపించి జవాబు చెబుతాను. ఈ పద్ధతి లాభం ఎక్కడి నుంచి వస్తుందో, ఎక్కడి నుంచి రాదో ఆ ఒక్క భవనంలో స్పష్టంగా కనిపిస్తుంది. ఇళ్ల విషయంలో ఇదే పద్ధతి ఎందుకు తడబడుతుందో కూడా దాన్ని పక్కన పెట్టుకుని చూస్తేనే తెలుస్తుంది.

ముందు ఒక మాట. మాడ్యులర్ అంటే ఇక్కడ నా ఉద్దేశం గదిని గదిగా చేయడం. నేల, గోడలు, పైకప్పు, బాత్రూం, వైరింగ్, టైల్స్, రంగులు అన్నీ ఫ్యాక్టరీలోనే అయిపోతాయి. తర్వాత లారీ మీద తెచ్చి క్రేన్‌తో పేర్చుతారు. ప్రీకాస్ట్ (ముందే పోసిన) గోడ పలకలు తెచ్చి సైట్‌లో నిలబెట్టడం వేరే పద్ధతి. సైట్ ఆఫీసుగా వాడే రేకుల క్యాబిన్‌కీ దీనికీ సంబంధం లేదు.

శాన్ ఆంటోనియో, 1968

టెక్సాస్ రాష్ట్రంలోని శాన్ ఆంటోనియో నగరానికి 250 ఏళ్లు నిండిన సందర్భంగా 1968 ఏప్రిల్ 6 నుంచి అక్టోబర్ 6 దాకా హెమిస్‌ఫెయిర్ అనే ప్రపంచ ప్రదర్శన జరిగింది. దేశదేశాల నుంచి జనం వస్తారు, వాళ్లు దిగడానికి ఊళ్లో గదులు చాలవు. నది ఒడ్డున ఒక పెద్ద హోటల్ కావాలి. స్థలం ఇరుకు, గడువు తక్కువ. ప్రదర్శన తేదీ ఎవరి కోసమూ జరగదు. హోటల్ ఒక నెల ఆలస్యమైతే సీజన్‌లో ఆరో వంతు పోయినట్టే.

పని చేపట్టింది హెచ్.బి. జాక్రీ కంపెనీ. రోడ్లు, వంతెనల్లాంటి భారీ పనులు చేసిన కాంట్రాక్టర్ సంస్థ అది. వాళ్లు పనిని రెండుగా చీల్చారు. కింది నాలుగు అంతస్తులు మామూలుగానే సైట్‌లో కాంక్రీట్‌తో పోశారు. లిఫ్టులు, పైపులు, వైర్లు వెళ్లే నడిమి టవర్‌ను స్లిప్‌ఫామ్‌తో లేపారు. పొడవాటి చిమ్నీలు, ధాన్యం సైలోలు లేపేది ఈ పద్ధతిలోనే. సెంట్రింగ్ ఆగకుండా పైకి జరుగుతూ ఉంటుంది, కాంక్రీట్ పడుతూ ఉంటుంది. రోజుకు సగటున 9 అడుగుల చొప్పున 230 అడుగుల ఎత్తుకు ఆ టవర్ వెళ్లింది. లెక్కేస్తే నెల రోజుల లోపు పని.

ఇదంతా నది ఒడ్డున జరుగుతుండగానే, 8 మైళ్ల దూరంలోని యార్డులో గదులు తయారవుతున్నాయి. ఒక్కో గది ఒక్కో కాంక్రీట్ పెట్టె. వెడల్పు సుమారు 13 అడుగులు, పొడవు 30 అడుగులకు అటూ ఇటూ, బరువు సుమారు 35 టన్నులు. అందులో బాత్రూం బిగించారు, కార్పెట్ పరిచారు, మంచాలు వేశారు, కలర్ టీవీ పెట్టారు. చివరికి సబ్బులు, యాష్ ట్రేలతో సహా సర్దేసి తలుపుకు తాళం వేశారు. ఆ తాళంతోనే గది లారీ ఎక్కింది, ఆ తాళంతోనే క్రేన్‌కు వేలాడుతూ పైకి వెళ్లింది.

ఐదో అంతస్తు నుంచి ఇరవయ్యో అంతస్తు దాకా 496 గదులు పేర్చడానికి పట్టింది 46 రోజులు. అంటే రోజుకు పది పదకొండు గదులు. క్రేన్ కింద వేలాడే 35 టన్నుల పెట్టె గాలికి తిరగకుండా ఉండడానికి హెలికాప్టర్ తోకను, దాని రోటర్‌తో సహా, ఎత్తే చట్రానికి బిగించారు. డిజైన్ మొదలుపెట్టిన దగ్గర్నుంచి హోటల్ అతిథులకు సిద్ధం కావడానికి మొత్తం 202 పనిదినాలు. ప్రదర్శన వేళకు హోటల్ తెరుచుకుంది. హిల్టన్ పలాసియో డెల్ రియో పేరుతో ఈనాటికీ అక్కడే నడుస్తోంది.

46 వెనక ఉన్న 202

అందరికీ గుర్తుండిపోయేది 46 అనే అంకె. నా దృష్టిలో అసలు చదవాల్సింది 202ను. క్రేన్ ఆడిన రోజులు మొత్తం కాలంలో నాలుగో వంతు కూడా లేవు. మిగతా సమయమంతా గీయడానికి, అచ్చులు చేయడానికి, పునాది వేయడానికి, గదులు పోయడానికి పట్టింది. క్రేన్ ఎంత వేగంగా ఎత్తిందన్నది ఇక్కడ ముఖ్యం కాదు. పునాది పని, గదుల పని ఒకేసారి నడవడం వల్లే సమయం మిగిలింది.

మామూలు కట్టడంలో ఒక పని అయ్యాకే ఇంకో పని. పునాది, దాని మీద స్తంభాలు, శ్లాబు. శ్లాబు కింద సపోర్టు కర్రలు తీసేదాకా ఇటుక పని లేదు. ఇటుక పని అయితేగాని ప్లంబర్ రాడు, ప్లంబర్ గోడ కోస్తేగాని ప్లాస్టరింగ్ లేదు, అది ఆరితేగాని లప్పం లేదు. మామూలు సెంట్రింగ్‌తో మన దగ్గర ఒక శ్లాబుకు రెండు మూడు వారాలు పడతాయి. పదహారు అంతస్తుల గదులకు ఆ లెక్క వేసుకోండి, పైగా ఫినిషింగ్ ఉంది. శాన్ ఆంటోనియోలో ఈ వరస మొత్తం తెగిపోయింది. పునాదిలో నీళ్లు తోడుతున్న రోజున ఎక్కడో గదిలో టైల్స్ అతుకుతున్నారు.

ఇలా జరగాలంటే ఒక షరతు ఉంది. గదిలో ఏ గోడకు ప్లగ్ పాయింట్ రావాలి, బాత్రూం పైపు ఏ డక్ట్‌లోకి (పైపులు దిగే నిలువు సందులోకి) దిగాలి, మంచం ఎటు వైపు, టైల్ ఏ సైజు, ఇవన్నీ మొదటి గది అచ్చు వేసే రోజుకే తేలిపోయి ఉండాలి. అలా ఒక్కసారి తేలిన నిర్ణయం 496 సార్లు పనికొచ్చింది. మాడ్యులర్ లాభం పుట్టేది ఇక్కడే అని నేను గట్టిగా నమ్ముతాను. వేగం, నాణ్యత, ఖర్చు మీద అదుపు, అన్నీ దీని వెనకే వస్తాయి. నిర్ణయాలు ముందే ముగించలేని యజమానికి ఫ్యాక్టరీ ఎంత గొప్పదైనా చేయగలిగింది తక్కువ.

ఇందులో నాకు బాగా నచ్చే విషయం ఇంకోటి ఉంది. జాక్రీ మనుషులు భవనం మొత్తాన్ని పెట్టెలుగా చేయాలని పంతం పట్టలేదు. హోటల్ నడపడానికి కావాల్సిన మిగతా వసతులున్న కింది అంతస్తులను పెట్టెల జోలికి పోకుండా మామూలుగానే కట్టారు. లాబీకీ, విందు హాలుకూ స్తంభాలు అడ్డం లేని పెద్ద జాగా కావాలి, అక్కడ పెట్టెలు పనికిరావు. ఒకేలా పదే పదే వచ్చే గదులను మాత్రమే యార్డుకు పంపారు. ఈ రోజుకీ మంచి మాడ్యులర్ హోటళ్లు ఇలాగే ఉంటాయి.

సుమారు యాభై ఏళ్ల తర్వాత, 2016లో, సింగపూర్ చాంగి విమానాశ్రయం పక్కన క్రౌన్ ప్లాజా హోటల్‌కు 243 గదుల కొత్త విభాగం ఇదే సూత్రంతో వచ్చింది. ఉక్కు చట్రాల గదులు షాంఘైలో తయారై ఓడలో వచ్చాయి, వాటిని పేర్చే పని నెల లోపే ముగిసింది. విమానాశ్రయం ఆనుకుని ఉన్న ఇరుకు స్థలం కావడంతో క్రేన్ ఎత్తుకూ, పని వేళలకూ ఆంక్షలున్నాయి. అలాంటి చోట సైట్‌లో మనుషులను, సామాను కుప్పలను తగ్గించడమే పెద్ద లాభం. న్యూయార్క్‌లో 2018లో తెరిచిన సిటిజన్ఎం బౌరీ హోటల్ గదులైతే పోలండ్‌లో తయారై అట్లాంటిక్ దాటి వచ్చాయి. న్యూయార్క్ కూలి రేట్లకు ఆ లెక్క కుదిరింది. హైదరాబాద్‌లో కుదరదు.

హోటల్‌కు ఐదు నెలలు ముందు దొరికితే

ఒక ఉదాహరణ వేసుకుందాం. అంకెలు ఊహించినవే, మీ లెక్క మీరు వేసుకోవచ్చు. 60 గదుల హోటల్, గది అద్దె 3,000 రూపాయలు. కొత్త హోటల్ కాబట్టి నలభై శాతం గదులే నిండుతాయి అనుకుందాం. రోజుకు 24 గదులు, 72,000 రూపాయలు. ఐదు నెలలు ముందుగా తెరిస్తే 1 కోటి 8 లక్షల రాబడి. అందులో సగం జీతాలు, కరెంటు, లాండ్రీకి పోయినా 54 లక్షలు మిగులుతాయి. 15 కోట్ల అప్పు పది శాతం వడ్డీకి తెచ్చి ఉంటే ఆ ఐదు నెలల వడ్డీ 62 లక్షల 50 వేలు. హోటల్ తెరవకపోతే ఆ వడ్డీ మొత్తం జేబులోంచి కట్టాలి. తెరిస్తే చాలా వరకు రాబడే కడుతుంది.

అందుకే "ఎంత తగ్గుతుంది?" అనే ప్రశ్నకు నేను చదరపు అడుగు రేటుతో జవాబు చెప్పను. మన దగ్గర మాడ్యులర్ గది, మామూలు గది కంటే తక్కువకు రావాలన్న నియమం లేదు. చాలాసార్లు ఎక్కువే అవుతుంది. రవాణా, పెద్ద క్రేన్, ఎత్తేటప్పుడూ ప్రయాణంలోనూ పగలకుండా పెట్టే అదనపు ఉక్కు, ఇవన్నీ మామూలు కట్టడంలో లేని ఖర్చులు. లాభం కాలంలో ఉంది, తేదీ నమ్మకంగా చెప్పగలగడంలో ఉంది. పెళ్లిళ్ల సీజన్‌కు ముందు తెరవాల్సిన రిసార్ట్‌కు, విద్యా సంవత్సరం మొదలయ్యేలోపు సిద్ధం కావాల్సిన హాస్టల్‌కు ఆ నమ్మకం విలువ చాలా ఎక్కువ. చదరపు అడుగు రేటు మాత్రమే చూసే యజమానికి ఈ పద్ధతి వద్దని నేనే చెబుతాను.

బాత్రూం

హోటల్ వాళ్లతోనైనా ఫ్లాట్ కొన్నవాళ్లతోనైనా రెండు నిమిషాలు మాట్లాడితే చెమ్మ మాట వస్తుంది. పై ఫ్లాట్ బాత్రూం నుంచి కింది ఫ్లాట్ సీలింగ్‌లోకి నీళ్లు దిగడం, పైవాళ్లూ కిందివాళ్లూ గొడవపడటం మన అపార్ట్‌మెంట్లలో ఎవరికీ కొత్త కాదు. కారణం చాలాసార్లు సామానులో ఉండదు, పని వరసలో ఉంటుంది. వాటర్‌ప్రూఫింగ్ చేసిన మర్నాడు ప్లంబర్ వచ్చి దాన్ని కోస్తాడు. నీళ్లు దిగే ట్రాప్ చుట్టూ పూడ్చినవాడు ఒకడు, టైల్ వేసినవాడు ఇంకొకడు. తప్పు ఎవరిదో ఎవరూ చెప్పలేరు.

ఫ్యాక్టరీలో బాత్రూం ఒక ఉత్పత్తి. ప్రతి బాత్రూంలోనూ కాలువ మూసి నీళ్లు నిలబెట్టి 24 గంటలు చూస్తాం, కింది నుంచి అడుగు భాగాన్ని టార్చ్ వేసి పరీక్షిస్తాం. పైపులను ఒత్తిడి పెట్టి పరీక్షిస్తాం. ఆ కాగితం మీద సంతకం ఉంటుంది, గదికి నంబర్ ఉంటుంది. సైట్‌లో కూడా ఇవన్నీ చేయొచ్చు. అయితే ఆరు ముఠాలు ఆరు అంతస్తుల్లో పనిచేస్తున్నప్పుడు ప్రతి బాత్రూంకూ అదే శ్రద్ధ దక్కించడం ఎంత కష్టమో సైట్ ఇంజినీర్లకు తెలుసు.

శబ్దం విషయంలోనూ ఈ పద్ధతి మేలు. ఒక గది గోడ పక్కన ఇంకో గది గోడ, మధ్యలో ఖాళీ. పక్క గది టీవీ వినిపించడం మామూలు హోటల్ కంటే చాలా తగ్గుతుంది. ఆ మేరకు స్థలం పోతుంది. రెండు గోడల మందం పోగైతే చిన్న ప్లాట్‌లో అంతస్తుకు ఒక గది తగ్గొచ్చు, దాన్ని మొదటి డ్రాయింగ్‌లోనే చూసుకోవాలి.

ఆ ఖాళీయే రెండు ప్రమాదాలు కూడా తెస్తుంది. వీటి గురించి బ్రోషర్లలో రాయరు కాబట్టి ఇక్కడ నిదానంగా చెబుతాను. మొదటిది నీళ్లు. పై గది నేల, కింది గది కప్పు వేర్వేరు. ఎప్పుడైనా పైపు కారితే నీళ్లు ఆ రెంటి మధ్య దూరం ప్రయాణించి ఎక్కడో రెండు గదుల అవతల బయటపడతాయి. మూలం వెతకడం కష్టం. అందుకని పైపులన్నీ కారిడార్ వైపు తలుపున్న డక్ట్‌లోకి తేవాలి, అతుకులు గది కింద దాగి ఉండకూడదు. అతిథిని లేపకుండా మరమ్మతు చేసుకునే వీలు కూడా దీంతోనే వస్తుంది. రెండోది నిప్పు. గదుల మధ్య ఖాళీ పైదాకా తెరిచి ఉంటే పొగ, మంట దాని వెంట అంతస్తులు దాటిపోతాయి. ప్రతి అంతస్తు దగ్గరా, గదుల హద్దుల దగ్గరా మంటను ఆపే పట్టీలు పెట్టాలి. పై గది దించాక అవి కనిపించవు. కాబట్టి పై గది క్రేన్‌కు తగిలించే ముందే ఒక మనిషి కింది గది చుట్టూ తిరిగి ఫొటో తీసి సంతకం పెట్టాలి. నేను పనిచేసే చోట ఆ సంతకం లేకుండా గది ఎత్తనివ్వం. క్రేన్ అద్దె నడుస్తోందని ఎవరు తొందరపెట్టినా ఒప్పుకోకూడని చోటు ఇది.

ఇళ్ల దగ్గర లెక్క మారుతుంది

న్యూయార్క్ బ్రూక్లిన్‌లో 461 డీన్ స్ట్రీట్ అని 32 అంతస్తుల భవనం ఉంది. 363 అపార్ట్‌మెంట్లు, 930 ఉక్కు మాడ్యూళ్లు (గది పెట్టెలు). 2012 డిసెంబర్‌లో పని మొదలైంది. గదులు చేసే ఫ్యాక్టరీ అదే బ్రూక్లిన్‌లో, పాత నౌకాదళ యార్డులో పెట్టారు. 2014 ఆగస్టులో పని ఆగిపోయింది. మాడ్యూళ్లు సరిగ్గా కూర్చోవడం లేదని, నీళ్లు కారుతున్నాయని తగాదా. డిజైన్‌లోనే లోపం ఉందని కాంట్రాక్టర్ వాదన, చేసిన తీరులో లోపమని డెవలపర్ వాదన. ఇద్దరూ కోర్టుకెక్కారు. చివరికి డెవలపర్ ఫ్యాక్టరీని తన చేతిలోకి తీసుకుని పని ముగించాడు. 2016 చివర్లో జనం ఇళ్లలోకి వచ్చారు.

ఈ కేసును చూపించి మాడ్యులర్ పనికిరాదనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను, కానీ ఇందులో పాఠం ఉంది. హోటల్ గది ఒకే పెట్టె. అపార్ట్‌మెంట్ రెండు మూడు పెట్టెలు కలిస్తేగాని కాదు. హాల్ మధ్యలోనే అతుకు వస్తుంది, ఆ అతుకు మీద నేల టైల్ సమంగా ఉండాలి, గోడ గీత కలవాలి. ఒంటి పడకగది, రెండు పడకగదులు, మూల ఫ్లాట్, ఇలా రకాలు పెరుగుతాయి. రకం పెరిగిన కొద్దీ ఒకే నిర్ణయం మళ్లీ మళ్లీ పనికొచ్చే లాభం కరిగిపోతుంది. ఇక ఎత్తు. ఒక్కో మాడ్యూల్ ఒకే పక్కకు 3 మిల్లీమీటర్లు తేడాగా కూర్చుందనుకోండి, 32 అంతస్తుల్లో అది 96 మిల్లీమీటర్లు. అందుకే ప్రతి అంతస్తూ కొలిచి పై అంతస్తులో సర్దుకుంటూ పోవాలి. ఆ సర్దుబాటుకు అవసరమైన సందు డిజైన్‌లోనే ఉండాలి.

దక్షిణ లండన్‌లోని క్రాయిడన్‌లో 101 జార్జ్ స్ట్రీట్ దీనికి భిన్నం. 44 అంతస్తులు ఒకటి, 38 అంతస్తులు ఒకటి, 546 ఇళ్లు, 1,500కు పైగా మాడ్యూళ్లు, 2020లో పూర్తయ్యాయి. అక్కడ గదులు చేసిన కంపెనీ, భవనం కట్టిన కంపెనీ ఒకే గూటివి. తప్పు జరిగితే ఎవరిదని వాదించుకునే అవసరం లేదు, వెంటనే సరిదిద్దుకుంటారు. శాన్ ఆంటోనియోలో కూడా యార్డు, సైట్ ఒకే చేతిలో ఉన్నాయని గమనించండి. ఇంకోటి, క్రాయిడన్ ఇళ్లు అద్దెకిచ్చేవి. అద్దె వచ్చే ఇంటికి హోటల్‌లాగే నెలకు నెల విలువ ఉంది. కడుతూ కడుతూ అమ్ముకునే ఫ్లాట్లలో బిల్డర్‌కు తొందర తక్కువ, పైగా కొనేవాళ్లు "ఈ గోడ తీసేయండి, పూజగది ఇటు పెట్టండి" అని మార్పులు అడుగుతూనే ఉంటారు. వాళ్ల ఇల్లు, అడగడం వాళ్ల హక్కు. కానీ ఫ్యాక్టరీ వరస ఆ మార్పులను భరించలేదు.

మన దేశంలో దగ్గరి ఉదాహరణ రాంచీ. లైట్ హౌస్ ప్రాజెక్టుల పేరుతో కేంద్రం ఆరు నగరాల్లో ఆరు కొత్త పద్ధతులు పరీక్షకు పెట్టింది. 2021 జనవరి 1న శంకుస్థాపన జరిగింది. రాంచీలో 1,008 ఇళ్లకు గదులను కాంక్రీట్ పెట్టెలుగా పోసి పేర్చే పద్ధతి ఎంచుకున్నారు. ఏడాదిలో ముగించాలన్నది లక్ష్యం, ప్రారంభమైంది 2024లో. కోవిడ్ రెండో అల వచ్చిన కాలం అది, ఆలస్యం మొత్తాన్ని పద్ధతి మీద వేయడం న్యాయం కాదు. అయినా పెట్టెలు పేర్చడం ఒక్కటే ఇంటిని ముందుగా చేతికివ్వదని ఆ తేదీలు చెబుతున్నాయి.

మన రెండు రాష్ట్రాల విషయానికొస్తే, ఇళ్ల దగ్గర మాడ్యులర్‌కు గట్టి పోటీ ఉంది. ఆంధ్రప్రదేశ్ టిడ్కో ఇళ్లను షియర్ వాల్ పద్ధతిలో, అల్యూమినియం అచ్చులతో, గోడలూ శ్లాబూ కలిపి సైట్‌లోనే పోశారు. ఒకే నమూనా వేల సంఖ్యలో వచ్చే చోట ఆ పద్ధతి వేగంగానే సాగుతుంది, లారీ మీద పెట్టెలు మోసే ఖర్చు లేదు. అలాంటి కాలనీకి పూర్తి మాడ్యులర్ తేవాలని నేను సలహా ఇవ్వను. బాత్రూంలను మాత్రం ఫ్యాక్టరీలో చేసి తెచ్చి ప్రతి అంతస్తులో దించితే, చెమ్మ బాధ తీరుతుంది, ఫినిషింగ్‌లో ఎక్కువ ముఠాలు ఢీకొనే చోటూ తగ్గుతుంది. ఇళ్లకు మొదటి అడుగు అదే కావాలని నా అభిప్రాయం.

దారి, గాలి, ఉప్పు

మన చట్టం ప్రకారం లారీ మామూలుగా వెళ్లగల వెడల్పు 2.6 మీటర్లు. హోటల్ గది సౌకర్యంగా ఉండాలంటే 3.3 మీటర్ల పైమాటే. కాబట్టి ప్రతి గదీ పరిమితి మించిన సరుకే, అనుమతి తీసుకుని కదలాలి. నగరాల్లో పగలు భారీ లారీలు తిరగనివ్వరు కనుక ప్రయాణం, ఎత్తడం చాలా వరకు రాత్రి పనే. సైట్ ఉన్న వీధిలో కరెంటు తీగలు, కేబుల్ తీగలు, మలుపులో చెట్టు కొమ్మ, ఇవన్నీ ముందే నడిచి చూడాలి. క్రేన్ టన్నుల సంఖ్య చూసి మోసపోవద్దు. 100 టన్నుల క్రేన్ దగ్గరగా ఎత్తగలిగే బరువు వేరు, 20 మీటర్ల అవతల దించగలిగే బరువు వేరు. క్రేన్ నిలబడే చోటు దొరక్క ప్లాన్ మార్చుకున్న వాళ్లను చూశాను.

అరకు, మారేడుమిల్లి లాంటి చోట్ల రిసార్ట్ కట్టేవాళ్లకు ఫ్యాక్టరీ పద్ధతి ఎంతో మేలు చేయగలదు. వానాకాలంలో సైట్ పని సాగదు, మేస్త్రీలు కొండ మీద నెలల తరబడి ఉండరు, సిమెంటు, ఇసుక పైకి మోయడమే పెద్ద ఖర్చు. కానీ ఘాట్ రోడ్డు మలుపుల్లో 3.5 మీటర్ల పెట్టె తిరగదు. అక్కడికి నేను లైట్ గేజ్ స్టీల్ (పల్చటి ఉక్కు రేకు) గోడ పలకలు, వాటితో పాటు చిన్న బాత్రూం పెట్టె ఒకటి చెబుతాను. పలకలు మామూలు లారీలో వెళ్తాయి, చిన్న క్రేన్‌తో నిలబడతాయి.

సముద్రం ఒడ్డున విషయం ఇంకో రకం. గాలి ప్రమాణాల్లో విశాఖకు సెకనుకు 50 మీటర్ల వేగం తీసుకుంటాం, హైదరాబాద్‌కు 44. గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక ఆ కొద్ది తేడాకే ఒత్తిడి దాదాపు ముప్పై శాతం ఎక్కువవుతుంది. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ చూసిన ఊరికి ఈ మాట కొత్తగా చెప్పక్కర్లేదు. తేలికపాటి ఉక్కు గది తన బరువుతో నిలబడదు, పునాదికి బోల్టులతో పట్టి ఉంచాలి, గదికీ గదికీ మధ్య కట్టు ఉండాలి, కప్పు రేకును అంచుల దగ్గర దట్టంగా బిగించాలి. ఉప్పు గాలికి ఉక్కు తుప్పు పట్టడం ఇంకో బెంగ. జింక్ పూత మందం కొటేషన్‌లో రాయించుకోవాలి, కోసిన అంచులకు, వెల్డింగ్ చేసిన చోట్లకు మళ్లీ పూత వేశారో లేదో ఫ్యాక్టరీకి వెళ్లి చూసుకోవాలి.

ఇంకో ప్రచారం గురించి హెచ్చరించాలి. "రేపు పాతబడితే గదిని లాగేసి కొత్తది పెట్టుకోవచ్చు" అని అమ్మేవాళ్లున్నారు. టోక్యోలో 1972లో కట్టిన నకగిన్ క్యాప్సూల్ టవర్ ఈ ఆశతోనే 140 గదులను బోల్టులతో బిగించింది. ఒక్క గదీ మార్చలేదు, 2022లో భవనాన్నే కూల్చేశారు. పేర్చిన గది అక్కడే ఉంటుందన్న లెక్కతోనే కొనండి.

డబ్బు ఏ రోజున ఎవరి చేతిలో

చివరిగా, ఒప్పందం దగ్గర నేను ఎక్కువ సమయం గడిపే విషయం. మామూలు భవనానికి బ్యాంకు శ్లాబు శ్లాబుకూ సొమ్ము విడుదల చేస్తుంది. ఇంజినీర్ వచ్చి శ్లాబు చూసి కాగితం రాస్తాడు. మాడ్యులర్‌లో సగం ఖర్చు అయ్యేసరికి సైట్‌లో పునాది తప్ప ఏమీ కనిపించదు, గదులన్నీ ఫ్యాక్టరీలో ఉంటాయి. బ్యాంకును మొదటే ఒప్పించి, ఫ్యాక్టరీలో పూర్తయిన గదులను చూసి సొమ్ము ఇచ్చే ఏర్పాటు చేసుకోకపోతే యజమాని ఆ నెలల్లో చాలా టెన్షన్ పడతాడు.

ఫ్యాక్టరీ వైపు కూడా కష్టం ఉంది. రోజూ పని ఉంటేనే అది బతుకుతుంది. ఆర్డర్ల మధ్య ఖాళీ నెలలు వస్తే జీతాలు, అద్దెలు మింగేస్తాయి. అమెరికాలో పెద్ద పేరు తెచ్చుకున్న కటెర్రా 2021లో దివాలా తీసింది, బ్రిటన్‌లో ఇల్కె హోమ్స్ 2023లో మూతపడింది. కాబట్టి మీరు అడ్వాన్స్ ఇచ్చే కంపెనీ ఆర్డర్ల పుస్తకం చూడండి, బ్యాంకు గ్యారంటీ అడగండి. డబ్బు కట్టిన గదులు మీ పేరు మీద ఉన్నట్టు, వాటికి నంబర్లు వేసి, బీమా చేసి, కాగితం రాయించుకోండి. డ్రాయింగులు, ఎత్తే కొక్కేల వివరాలు మీకు అందాలి. ఆ కంపెనీ మధ్యలో ఆగిపోతే ఇంకొకరు పని అందుకోగలగాలి.

అన్నిటికంటే ముందు ఒక నమూనా గది. పూర్తి గది, మంచం, కర్టెన్, గీజర్‌తో సహా. హోటల్ నడిపే మేనేజర్ అందులో ఒక రాత్రి పడుకోవాలి, గదులు శుభ్రం చేసే అమ్మాయి ఆ బాత్రూం కడిగి చూడాలి, ఎలక్ట్రీషియన్ డక్ట్ తలుపు తెరిచి చేయి పెట్టి చూడాలి. వాళ్లు చెప్పిన మార్పులన్నీ ఆ గదిలో చేశాక యజమాని, ఆర్కిటెక్ట్, ఫ్యాక్టరీ ముగ్గురూ సంతకాలు పెడతారు. ఆ తేదీ తర్వాత వచ్చే ఏ మార్పుకైనా ఎంత సొమ్ము, ఎన్ని రోజులు అదనమో ఒప్పందంలో ముందే రాసి ఉంటుంది. మిగతా గదుల పని మొదలయ్యేది ఆ సంతకాలు పడ్డాకే.